బడా బజారు సందులో కుట్టించిన ప్రయాణాల కోటు

ముందు లెక్క చెప్పేస్తాను, దాని కోసం చివరిదాకా చదవక్కర్లేకుండా. కోటు కుట్టుకూలి 4,200 రూపాయలు. రెండు ప్యాంట్లకి కలిపి 1,300. కాన్వాసు, లైనింగు, గుండీలు, జిప్పులు అందులోనే. గుడ్డ మాత్రం మనం పట్టికెళ్లాలి. నాకు కోటుకి రెండుంపావు మీటర్లు, ప్యాంటుకి మీటరుంపావు చొప్పున పట్టింది, ఆరు వేల చిల్లర అయింది. మొత్తం మీద పన్నెండు వేలు దాటలేదు.

షాపుకి బోర్డు లేదు. బరంపురం బడా బజారులో ఒక సందు, కింద గిన్నెల కొట్టు, పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన ఒక గది. రెండు మిషన్లు, పొడుగాటి కటింగు బల్ల. గోడకి మేకులు కొట్టి బ్రౌను పేపరు మీద గీసిన పాత కొలతల ముక్కలు వేలాడదీశారు, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటిపేరు. ఆయన్ని అందరూ మాస్టారు అనే పిలుస్తారు. ఒడియా వాళ్లొస్తే ఒడియాలో, మనమెళ్తే మన తెలుగులో మాట్లాడతారు. పేరు రాయనా అని అడిగితే, "ఒద్దు బావూ, ఉన్న పనే తెమలట్లేదు" అన్నారు. అందుకని రాయట్లేదు. ఊళ్లో ఎవర్నడిగినా కోట్ల మాస్టారంటే చూపిస్తారు.

నాది పంపుసెట్ల కంపెనీలో ఏరియా మేనేజరు ఉద్యోగం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల డీలర్లు నా కిందకి వస్తారు. నెలనెలా భువనేశ్వర్‌లో రివ్యూ, అప్పుడప్పుడు కోల్‌కతా, ఏడాదికోసారి హైదరాబాద్‌లో కాన్ఫరెన్సు. ఇందులో చిక్కెక్కడంటే, పొద్దున్న గుణుపురంలో డీలరు గోడౌనులో కూర్చుని మోటారు విప్పించాలి, మర్నాడు భువనేశ్వర్‌లో జోనల్ మేనేజరు ఎదురుగా ఏసీ గదిలో కూర్చోవాలి. మధ్యలో ఇంటికొచ్చి బ్యాగు మార్చుకునే వీలుండదు. పైగా దారిలో పర్లాకిమిడిలో ఎవరిదో పెళ్లి తగుల్తుంది. ఇన్నిటికీ ఒక్క బ్యాగు. బ్యాగుల గురించి రాసేవాళ్లు చక్రాలెన్ని, అరలెన్ని అని రాస్తారు. నన్నడిగితే చక్రాలు గుణుపురం బస్టాండులో ఎలాగూ పనికిరావు, చేత్తో ఎత్తుకోవాల్సిందే. బ్యాగులోకి వెళ్లే బట్టలు సరిగ్గా ఉంటే ఏ బ్యాగైనా చాలు.

కోటు ఎందుకు కుట్టించానో కూడా చెప్పాలి. అంతకుముందు నాకో రెడీమేడ్ బ్లేజరు ఉండేది, పెద్ద షోరూములో కొన్నదే, పేరెందుకులెండి. మొదటి వర్షాకాలం దాటాక రెండుసార్లు డ్రైక్లీనింగుకి వెళ్లొచ్చింది, అంతే, ఛాతీ దగ్గర అప్పడంలా బుడగలు లేచాయి. షోరూములో చూపిస్తే డ్రైక్లీనింగు వాడి తప్పన్నారు, వాణ్ణడిగితే షోరూము తప్పన్నాడు. మాస్టారు దాన్ని చూసి వేలితో ఒకసారి నలిపి, లోపల జిగురు ఊడిందని చెప్పారు. రెడీమేడ్ కోట్లలో చాలావాటికి ముందుభాగం నిలబడ్డానికి లోపల ఒక గుడ్డని జిగురుతో వేడిపెట్టి అంటిస్తారు. ఫ్యూజింగు అంటారు దాన్ని. అంటించేటప్పుడు వేడి సరిపోకపోయినా, తర్వాత డ్రైక్లీనింగు మందుకీ ఆవిరికీ మాటిమాటికీ గురైనా, జిగురు అక్కడక్కడ వదిలేస్తుంది. వదిలిన చోట పై గుడ్డ ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బిందంటే ఇక బాగుచెయ్యలేరు.

మాస్టారు జిగురు వాడరు. గుర్రపు వెంట్రుక కలిపి నేసిన కాన్వాసు ముక్కని భుజం నుంచి ఛాతీ కింది దాకా పెట్టి, చేత్తో టాకాలు వేస్తారు. అది నేను కూర్చుని చూశాను. కాలరు మడత దగ్గర గుడ్డని ఎడమచేతి చూపుడువేలి మీద గుండ్రంగా వంచి పట్టుకుని, ఆ వంపులోనే సన్నటి వంకర టాకాలు వేసుకుంటూ పోతారు. పై గుడ్డలో దారం ఒక్క పోగునే అందుకుంటుంది, అవతలివైపు కనపడదు. వదిలేశాక ఆ మడత దానంతటదే వెనక్కి తిరుగుతుంది, ఇస్త్రీ పెట్టి అణచక్కర్లేదు. బ్యాగులో మడతపెట్టి నలిగిన కోటు తియ్యగానే కాలరు మళ్లీ తన వంపులోకి రావడానికి కారణం ఇదే. ప్రయాణాలు చేసేవాడికి కోటులో డబ్బు పెట్టాల్సిన చోటేదైనా ఉంటే, అది ఈ కనపడని కుట్టులోనే.

గుడ్డ సంగతికొస్తాను. మనది సముద్రపు గాలి ఊరు. పదిహేను కిలోమీటర్ల చిల్లర దూరంలో గోపాలపురం బీచి. ఉక్క, ఉప్పు, చెమట. ఇలాంటి చోట కోటేమిటని నవ్వేవాళ్లున్నారు, కానీ రైలు ఏసీలో, మీటింగు ఏసీలో, హోటలు ఏసీలో వణికేది కూడా మనమే. నేను లినెన్ తీసుకుందామనుకుంటున్నానంటే మాస్టారు నా చొక్కా వైపు చూపించారు. "ఈ రిక్షాలో వచ్చేలోపే ఇలగ నలిగిపోనాది. కోటు కూడా ఇలగే అయిపోద్ది, సూస్కో." లినెన్ చల్లగా ఉంటుంది, నిజమే, కానీ దానికి సాగే గుణం లేదు. ఒకసారి మడత పడితే పట్టుకుని కూర్చుంటుంది. ఉన్ని పోగు అలా కాదు. పుట్టుకతోనే వంకులు తిరిగి ఉంటుంది కాబట్టి నలిపి వదిలితే మళ్లీ తేరుకుంటుంది. చెమట వాసన కూడా నూలు కన్నా, పాలిస్టర్ కన్నా తక్కువ పట్టుకుంటుంది. పూర్తి ఉన్ని ఖరీదు భరించలేకపోతే మన బట్టల కొట్లలో టెర్రీవూల్ అని అమ్ముతారు, పాలిస్టరూ ఉన్నీ కలిపింది. నేను తీసుకున్నది అదే. ముదురు నీలం, ఎలాంటి గీతా లేనిది.

కొనేటప్పుడు మీటరు ధర చూసేముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. గుడ్డ కొసని పిడికిట్లో గట్టిగా బిగించి, ముప్పై దాకా లెక్కపెట్టి వదలండి. గీతలు మెల్లగా మాయమైతే తీసుకోండి. ఆకు నలిపినట్టు గీతలు అలాగే ఉంటే, ఎంత మెరిసినా వద్దు. కొట్టువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి, వాడికి అలవాటే. బరువు మరీ పల్చనైతే ప్యాంటు మోకాళ్ల దగ్గర సంచుల్లా సాగుతుంది. మరీ దట్టమైతే మే నెలలో చావే. చదరపు మీటరుకి 250 గ్రాములకి అటూఇటూ ఉన్నది మన ఊళ్లకి సరిపోతుంది. ఆ అంకె చాలా కంపెనీలు ఇవ్వవు గానీ అడిగితే కొందరు చెప్తారు.

కొలతలప్పుడు ఈయన అందరిలా నిలబెట్టి టేపు చుట్టి పంపించెయ్యరు. ట్రయలుకి వెళ్లినప్పుడు ముందు స్టూలు మీద కూర్చోమన్నారు. తర్వాత లేచి, "పై బెర్తు మీద బ్యాగు పెట్టినట్టు సెయ్యి లేపు బావూ" అన్నారు. లేపాను. కోటు మొత్తం పైకి లేచిపోలేదు, చెయ్యి మాత్రమే లేచింది. చంక గుంత పైకి, శరీరానికి దగ్గరగా కోస్తే అలా వస్తుందట. రెడీమేడ్ కోట్లలో అందరికీ పట్టాలని చంకని కిందకి దించి కోస్తారు, అందుకే చెయ్యెత్తితే కోటంతా చెవుల దాకా వస్తుంది. ఎడమ భుజం నాకు కాస్త దిగి ఉంటుందట, ఏళ్ల తరబడి బ్యాగు మోసిన భుజం కదా. అటువైపు లోపల ఒక పొర దూది ఎక్కువ వేశారు. ఇప్పుడు అద్దంలో రెండు భుజాలూ సమానం. మా ఆవిడ నమ్మలేదు, టేపు పెట్టి చూసింది.

లైనింగు సగమే. వీపు భాగంలో పైన భుజాల దగ్గర కొంచెం, చేతుల్లో మొత్తం. చేతులకి ఎందుకంటే చొక్కా మీద నుంచి జారడానికి. వీపు వదిలేస్తే గాలాడుతుంది, బ్యాగులో మందం తగ్గుతుంది. లైనింగు లేని చోట లోపలి కుట్లన్నీ బయటపడతాయి కాబట్టి వాటి అంచులకి పైపింగు, అంటే సన్నటి గుడ్డ పట్టీ, చుట్టి కుట్టాలి, అదే పనెక్కువ. వెనక రెండు చీలికలు పెట్టించుకున్నాను. ఒక్క చీలికైతే గంటల తరబడి రైల్లో కూర్చున్నాక మధ్యలో తోకలా లేచి నిలబడుతుంది. జేబులు పైన కుట్టిన రకం, అందుకని కోటు మరీ ఆఫీసు మొహంలా కనపడదు, మామూలు జీన్సు మీద కూడా నడుస్తుంది. ఇత్తడి గుండీలు వెయ్యబోతే వద్దన్నాను, పెళ్లి బ్యాండువాళ్లలా ఉంటుందని. ముదురు గోధుమరంగువి వేశారు. కాలరు కింద చొక్కాకి వేసినట్టు గుడ్డ పట్టీ కాకుండా దారంతో అల్లిన గట్టి లూపు వేశారు. బెర్తు పక్కన కొక్కేనికి తగిలించినా కాలరు సాగలేదు.

ప్యాంట్లు రెండు. ఒకటి బూడిదరంగు టెర్రీవూల్, ఇంకోటి ఖాకీ రంగు మందపాటి నూలు. బూడిదది మీటింగులకి, ఖాకీది డీలర్లకి, తిరుగుళ్లకి. రెండూ ఈ కోటు కింద కుదుర్తాయి. అదే కిటుకు. మూడు ముక్కలతో నాలుగైదు రకాలుగా తయారవ్వచ్చు, బ్యాగులో మాత్రం చోటు మూడింటికే.

మడత కూడా మాస్టారే చూపించారు, అడక్కుండానే. కోటు ఎడమ భుజాన్ని లోపలి నుంచి బయటికి తిప్పి, కుడి భుజాన్ని ఆ గుంతలోకి దూర్చాలి. రెండు భుజాలూ ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, లైనింగు వైపు బయటికొస్తుంది, మురికి పట్టినా లైనింగుకే. కాలరు ఒకసారి సర్ది, డ్రైక్లీనింగు వాళ్లిచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టి, తుండుగుడ్డ చుట్ట మీదుగా సగానికి మడవాలి. ప్లాస్టిక్ ఎందుకంటే గుడ్డ గుడ్డని పట్టుకోకుండా జారుతుంది, జారితే గీత పడదు. ప్యాంట్లని బ్యాగు అడుగున పరిచి కాళ్లు బయటికి వేలాడనిచ్చి, మిగతావన్నీ పెట్టాక ఆ కాళ్లని పైకి తెచ్చి కప్పెయ్యాలి. మడత పదును తేలదు. బూట్లు గుడ్డ సంచుల్లో, మడమలు ఎదురెదురుగా, లోపల మేజోళ్లు కుక్కి. బెల్టు చుట్టకుండా బ్యాగు గోడ వెంబడి పరవాలి.

నిజమైన పరీక్ష హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రైల్లో జరిగింది. బరంపురంలో రాత్రి ఎక్కితే తెల్లవారకముందే రాయగడ. కోటు బ్యాగులోనే ఉంది, బ్యాగు మీద ఎవరిదో పనసపండు ఉంది. నిజంగా పనసపండే, నేను నిద్రలేచేసరికి. లాడ్జిలో దిగి కోటు తీసి, స్నానాలగదిలో గీజరు వేడినీళ్లు బకెట్టులోకి వదిలి తలుపేసి పావుగంట తగిలించాను. వీపు మీద అడ్డగీత ఒకటి సన్నగా మిగిలింది, వేసుకున్నాక అరగంటకి అదీ పోయింది. ప్యాంటుకి మాత్రం ఆవిరి చాలదు, మోకాలి వెనక మడతకి ఇస్త్రీ కావాలి. ఇక్కడో హెచ్చరిక. లాడ్జి కింద బొగ్గుల పెట్టె ఇస్త్రీవాడికి టెర్రీవూల్ ఇచ్చేటప్పుడు పైన తడిగుడ్డ వేసి చెయ్యమనండి, ఎదురుగా నిలబడి చేయించుకోండి. వేడి నేరుగా తగిల్తే పాలిస్టరు మెరుపు తేలుతుంది, ఆ మెరుపు ఇక జన్మలో పోదు.

విమానానికైతే లెక్క వేరు. ఇక్కడి విమానాల్లో చేతిబ్యాగు మామూలుగా 7 కిలోలు, కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. చక్రాల బ్యాగు ఖాళీదే రెండున్నర కిలోలు తింటుంది. కాబట్టి కోటు, బరువైన బూట్లు ఒంటి మీదే వేసుకుని ఎక్కండి. ఫోను చార్జరు, పవర్ బ్యాంకు కోటు జేబుల్లోకి పోతాయి. రైల్లో ఈ బాధ లేదు, థర్డ్ ఏసీలో 40 కిలోల దాకా ఊరకే తీసుకెళ్లొచ్చు. అయినా మనవాళ్లు దాన్నీ దాటిస్తారు.

సరదా ప్రయాణాల్లో కూడా ఇదే కోటు పనికొచ్చింది. చలికాలంలో పిల్లల్ని తీసుకుని కొండల మీదున్న దారింగబాడి వెళ్లాం. అక్కడ తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజులుంటాయి. ఉన్ని స్వెట్టరు లోపల, కోటు పైన, ఖాకీ ప్యాంటు. వేరే జాకెట్టు మొయ్యలేదు. గోపాలపురానికి మాత్రం కోటు వద్దు, ఉప్పుగాలికి గుడ్డ జిగటెక్కుతుంది. అక్కడికి నూలు చొక్కా, చెప్పులు చాలు.

పెళ్లి సంగతి వేరే చెప్పాలి. పెళ్లి కోసం ప్రత్యేకంగా సూటు మోసుకెళ్లే కుర్రాళ్లని చూస్తే నాకు జాలి. పట్టుకి పేరుపడ్డ ఊళ్లో ఉన్నాం, మన బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక పట్టుపంచె, కండువా జానెడు చోటులో ఒదుగుతాయి, అరకిలో కూడా తూగవు. పీటల దగ్గర పెద్దవాళ్లు ముందు పలకరించేది పంచె కట్టినవాణ్ణే. రిసెప్షనుకి కావాలంటే నీలం కోటు ఎలాగూ ఉంది.

ఇక లోపాలు, చాలానే ఉన్నాయి. మొదటిది, గడువు. దసరాకి ఇస్తానన్న కోటు దీపావళి సామాన్లు కొనడానికి వెళ్లినప్పుడు చేతికొచ్చింది. ఫోను చేస్తే "రేపు" అంటారు. ఆ రేపు పంచాంగంలో ఉండదు. తేదీ కచ్చితంగా కావలసినవాళ్లు ఇక్కడికి రావద్దు. రెండోది, ప్యాంటు జేబులు. ఆయన పాతకాలం మనిషి, జేబంటే చిల్లరకీ తాళంచెవికీ అనుకుంటారు. బస్సులో కూర్చుంటే ఫోను బయటికి జారేది. తిరిగి తీసుకెళ్తే డబ్బడక్కుండా లోతు పెంచారు, కానీ ముందే చెప్పుకుంటే ఆ తిరుగుడు తప్పుతుంది. మూడోది, నాకు ఇప్పటికీ మింగుడుపడనిది, లైనింగు రంగు. అడగలేదు, చెప్పలేదు, వంకాయ రంగు మెరిసే లైనింగు వేసేశారు. "లోపలిది ఎవుడు సూస్తాడు బావూ?" అన్నారు. రైల్లో కోటు విప్పి మడతపెట్టినప్పుడల్లా బోగీ అంతా చూస్తుంది. రంగు ముక్క మీరే ఎంచి, కాగితం మీద రాయించి రండి. చొక్కాలు అసలు ఇవ్వకండి. కాలరు పాతకాలంలా పొడుగ్గా వస్తుంది. చొక్కా రెడీమేడే నయం, చేతుల పొడుగు మాత్రం సరిచేయించుకోండి, కోటు చేతి బయటికి అర అంగుళం కనపడేలా.

కోటు ఇంటికొచ్చాక ఆ ప్లాస్టిక్ కవరులోనే బీరువాలో వదిలెయ్యకండి. ప్రయాణానికి మంచిదే గానీ, మన శ్రావణ భాద్రపదాల తేమలో అందులో బూజు పడుతుంది. పాత నూలు దుప్పటి కుట్టి కవరు చేసుకోండి, ఎండొచ్చిన రోజు నీడలో ఆరేయండి. డ్రైక్లీనింగు ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు, మిగతా రోజులు తడిగుడ్డతో తుడిచి బ్రష్ చేస్తే సరి.

వెళ్లేవాళ్లకి ఒక మాట. పొద్దున్న పదకొండు లోపు వెళ్లండి, అప్పుడైతే ఆయన కొలతలు స్వయంగా తీసుకుంటారు. మధ్యాహ్నం ఉండే కుర్రాడు టేపు వదులుగా పడతాడు. అడ్వాన్సు సగం అడుగుతారు, రసీదు చిన్న చీటీ మీద ఇస్తారు, పారేయకండి. పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలయ్యే నెలలో కోటు ఒప్పుకోరు. రెండేళ్లకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, ఏడాదైతే, మాఘం దాటాక ఆ గది నిండా మొక్కుబడి వేషాల గుడ్డలే ఉంటాయి, కోటు అంటే వినిపించుకోరు. ఆ ఏడాది సంక్రాంతి లోపే ఇచ్చేయండి.